మూడో క్రాసు మట్టి

ఆటోనగర్ మూడో క్రాసులో మా షెడ్డు.
ముప్ఫై రెండేళ్లు
లారీల పొట్టల కింద వెల్లకిలా పడుకుని
కాలిన ఆయిలు కారుతుంటే చూసినవాణ్ణి.
డబ్బాలో పడింది డబ్బాకి,
తప్పింది నేలకి.
నేల నోరు తెరిచి అడగదు, బిల్లు రాయదు.

వానొస్తే గుమ్మం ముందు గుంటలో ఏడు రంగులు తిరిగేవి.
మా చిన్నది పుల్లతో వాటిని కలిపి
హరివిల్లు జారి పడింది నాన్నా అనేది.
నవ్వేవాణ్ణి.
బోరు నీళ్లు పుక్కిలిస్తే
నాలిక మీద డీజిల్ తగిలిన రోజున మాత్రం
నవ్వు రాలేదు.

కాలేజీ నుంచి సుకన్య గారని ఒకావిడ వచ్చింది.
గుమ్మంలో చెప్పులు విప్పబోయి
నేల చూసి మానేసింది.
పాత గేర్‌బాక్సుల వెనక
ఎక్కడ మరీ నల్లగా ఉందో అక్కడి మట్టే కావాలంది.
సైదులు పలుగు దించితే పైకి రాదే!
పాకంలా పట్టుకుంది.

"చచ్చిన మట్టమ్మా అది" అన్నాను.
"చావలేదు లాజరుగారూ,
కుంచెడు అన్నం ముందేసుకుని కూచున్నాయి లోపల.
కూర లేదు, గాలి లేదు. ఎలా తింటాయి?"

ఎవరు, అని అడగడానికి
నాకు రెండ్రోజులు పట్టింది.

ఆవిడ గదిలో గాజుపలక మీద చూపించింది.
నూనెబొట్టు అంచున
పండగ ముందు బీసెంట్ రోడ్డులా ఒకటే తోపులాట.
ఎక్కణ్ణించో తెప్పించినవి కావట.
మా షెడ్డులోనే పుట్టి
మా ఆయిలు మీదే తరాలు గడిపినవట.
ఇన్నేళ్లూ నా దగ్గర పనిచేసినవాళ్లని
నేను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు.

వెనక జాగాలో టార్పాలిన్ పరిచాం.
తవ్విన మట్టి జానెడు మందాన,
గన్నవరం మిల్లు ఊక నాలుగు బస్తాలు,
గుప్పెళ్లతో యూరియా, చెంబులతో నీళ్లు.
ఆదివారం చర్చి నుంచి వచ్చి
తెల్లచొక్కా విప్పి తిరగేసేవాణ్ణి.
పక్క షెడ్డు వెంకటరత్నం గోడ మీంచి తొంగి
ఏం మేస్త్రీ, దోసపాదులా అనేవాడు.

ఒక రాత్రి చెయ్యి పెట్టి చూశాను.
ఇప్పుడే కట్టేసిన ఇంజన్‌లా వెచ్చగా ఉంది.
పిస్టన్ లేదు, చప్పుడు లేదు, పొగ లేదు.
నా చెవికి అందని ఇంజన్ అది.

పెట్రోలు కూడా ఒకప్పుడు ప్రాణమేనట,
సముద్రం అడుగున నలిగిన నలుసులట.
"అయితే ఇవి తాతల్ని తింటున్నాయా?" సైదులు అడిగాడు.
ఆవిడ ఆలోచించి,
తినడం కాదు, విడిపించడం అంది.
ఆ మాట నాకు మరీ తియ్యగా అనిపించింది.
తినడమే. తినడం చాలదా?

అయిదో నెలకి వాసన తిరిగింది.
తొలకరి వాసన అనను, అంత లేదు.
తడిసిన గోనెసంచి వాసన.
నూటికి డెబ్బై పోయిందని కాగితం వచ్చింది.
మిగిలిన ముప్ఫై మొండిదట, తారులాంటిది,
దానికి ఇంకా ఏళ్లు పడతాయట.
నా వయసు వాళ్లే అయివుంటారు.

టార్పాలిన్ అంచున తుంగ మొలిచింది.
పీకబోయిన సైదులు
నా మొహం చూసి ఆగాడు.

నా గోళ్ల సందున మాత్రం అదే నలుపు.
కట్నం చదివించి
భోజనం వద్దని ఎన్ని పెళ్లిళ్ల నుంచి తప్పించుకొచ్చానో ఈ చేతులతో.
వీటిని కూడా తింటాయా అమ్మా అని అడిగితే
ఆవిడ నా వేలు పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది.
జవాబు చెప్పలేదు.
అలా పట్టుకుని చూసినవాళ్లు లేరు ఈమధ్య.

సోమవారం గుడివాడ లారీ వచ్చింది.
కిందికి దూరి ప్లగ్ విప్పాను.
సైదులు పెద్ద బేసిన్ తోశాడు.
అయినా ఒక్క బొట్టు అంచు తప్పి నేల మీద పడింది.
ఇద్దరం దాన్నే చూశాం.

సర్లే, అన్నాను,
అది వాళ్ల టీ ఖర్చులకి.